మన పేరు మీద తెచ్చిన డబ్బుకి లెక్క ఎవరికి చెప్పాలి?

పల్లెల్లో స్వచ్ఛంద సంస్థలు మనకి కొత్త కాదు. 1977 నవంబరు తుపాను దివిసీమని ఊడ్చేశాక కోస్తాకి చాలా సంస్థలు వచ్చాయి. 1985 కారంచేడు, 1991 చుండూరు తర్వాత దళితుల పేరు మీద పెట్టినవీ పెరిగాయి. నరసరావుపేట, మాచర్ల, గురజాల పక్క పల్లెల్లోనూ ఇలాంటివి పనిచేశాయి. రాత్రిబళ్ళు నడిపినవాళ్ళున్నారు. భూమి కేసుల్లో, దాడి కేసుల్లో మనతోపాటు పోలీస్‌స్టేషను మెట్లెక్కినవాళ్ళున్నారు. కాదనం. మేం అడిగేది ఒక్కటే: మన పేరు చెప్పి తెచ్చిన డబ్బుకి లెక్క ఎవరికి చెబుతున్నారు?

డబ్బిచ్చినవాళ్ళకి ఇంగ్లీషులో రిపోర్టు పోతుంది, ఫోటోలతో సహా. ఆడిటరుకి పోతుంది, ఇన్‌కంటాక్సుకి పోతుంది. వాడకి మాత్రం ఒక్క కాగితం రాదు. ఫోటోలో చీపురు పట్టుకు నిలబడ్డ అమ్మకి ఆ ఫోటో కింద ఏం రాశారో తెలియదు.

ఈ సంగతి బాబాసాహెబు కాలంలోనే తేలింది. 1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందం అయింది. ఆ నెలాఖరుకే బొంబాయిలో అంటరానితనం పోగొట్టడానికని ఒక సంఘం పుట్టింది. అదే తర్వాత హరిజన సేవక సంఘం. ఘనశ్యామదాస్ బిర్లా అధ్యక్షుడు, ఠక్కర్ కార్యదర్శి. మొదటి కేంద్ర బోర్డులో అంబేద్కర్, ఎం.సి. రాజా, రెట్టమలై శ్రీనివాసన్ ఉన్నారు. బావుల దగ్గర, బళ్ళలో, దారుల మీద మన హక్కుల కోసం సంఘం కొట్లాడాలని, పనిచేసేవాళ్ళని మనలోంచే తీసుకోవాలని అంబేద్కర్ ఠక్కర్‌కి ఉత్తరం రాశాడు. అది జరగలేదు, ఆయన అందులో నిలవలేదు. తర్వాత మనవాళ్ళు పోయి బోర్డులో మాకూ చోటు కావాలంటే గాంధీ ఒప్పుకోలేదు. ఇది హిందువులు చేసే ప్రాయశ్చిత్తం, డబ్బు హిందువులది, కాబట్టి నడిపేదీ వాళ్ళే అన్నాడు. ఈ కథంతా అంబేద్కర్ 1945లో అచ్చువేసిన పుస్తకంలో ఉంది. మన పల్లె సంస్థల్ని చూసేటప్పుడు అది పక్కన పెట్టుకుని చూడాలి. డబ్బు తెచ్చినవాడిదే పెత్తనం అనే మాట అప్పటినించి పోలేదు.

మన రాష్ట్రంలో 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంస్థ పెట్టుకోవచ్చు. ఆ ఏడుగురూ ఎవరో చూడండి. కార్యదర్శి ఆయన, కోశాధికారి ఆయన భార్య, సభ్యుల్లో బామ్మర్ది, తోడల్లుడు. వాడనించి ఒక పేరుంటుంది, సంతకానికి. సర్వసభ్య సమావేశం మిరపకోతల కాలంలో పగలు పదకొండింటికి పెడతారు. కాయ కోస్తున్న కూలిమనిషి ఆ రోజు కూలి పోగొట్టుకుని వస్తుందా? సాయంత్రం వర్కరు పుస్తకం పట్టుకుని ఇళ్ళకొచ్చి వేలిముద్రలేయించుకుపోతుంది. ఆ వర్కరూ మనపిల్లే. చాలీచాలని జీతం, ఆర్నెల్ల కాంట్రాక్టు, నోరెత్తితే ప్రాజెక్టు అయిపోయిందంటారు.

ఇది చిన్న సంస్థల సంగతి. పెద్దవాటిది ఇంకో దారి. 1998లో గుంటూరులో స్పందన స్వచ్ఛంద సంస్థగానే మొదలైంది. మెదక్ జిల్లా నారాయణఖేడ్ పక్క ఎస్.కె.ఎస్. కూడా అంతే. పేద ఆడవాళ్ళకి చిన్న అప్పులిచ్చే పని. తర్వాత రెండూ ఫైనాన్సు కంపెనీలయ్యాయి. ఎస్.కె.ఎస్. 2010 ఆగస్టులో షేరు 985 రూపాయల చొప్పున అమ్మి 1,600 కోట్లకి పైగా పోగుచేసింది. అప్పుల వసూళ్ళ ఒత్తిడి మీద, ఆత్మహత్యల మీద రాష్ట్రమంతా గగ్గోలైంది. రెండు నెలలు తిరక్కుండానే, అక్టోబరు 15న, ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వారం వసూలు చెయ్యకూడదంది. స్పందన 2019లో షేరు మార్కెట్టుకెక్కింది.

చట్టప్రకారం కాగితాలన్నీ సరిగానే ఉండొచ్చు. మేం దాన్ని తవ్వడంలేదు. సభ్యురాలని పిలిచిన మనిషి ఏ రోజున ఖాతాదారైందో ఆమెకి ఎవరన్నా చెప్పారా? ఎస్.కె.ఎస్. సంస్థగా ఉన్నప్పుడొచ్చిన గ్రాంటు డబ్బుతో ఆడవాళ్ళ పేరున ట్రస్టులు పెట్టి, వాటిద్వారా కంపెనీలో వాటాలు కొన్నారు. ఆ ట్రస్టుల లెక్క ఏ పల్లెలో చదివారు? ఇది ఒక్క కంపెనీ మీద కోపంతో అడిగేది కాదు. సేవ అని మొదలైనదాన్ని దాని సొంతదారులకి తెలియకుండా ఇంకోటిగా మార్చొచ్చా అన్నది ప్రశ్న.

లెక్క అడుగుతున్నాం కదా, సర్కారూ అదే అంటోంది అని కొందరంటారు. సర్కారు అడిగేది వేరు. 2016లో గుజరాత్‌లో దళితుల కోసం పనిచేసే నవసర్జన్‌కి విదేశీ నిధుల అనుమతి రద్దు చేశారు. 2020లో చట్టం సవరించి, పెద్ద సంస్థ తెచ్చిన విదేశీ డబ్బు చిన్న సంస్థకి ఇవ్వడానికి వీల్లేదన్నారు. దెబ్బ తగిలేది ఊళ్ళో పనిచేసే చిన్నవాళ్ళకి. మూణ్ణెల్లకోసారి వచ్చిన డబ్బు వివరం జనానికి చూపాలన్న నిబంధనని మాత్రం 2022లో తీసేశారు. ఢిల్లీకి తెలిస్తే చాలు, జనానికి అక్కర్లేదన్నమాట.

ఇంకో మాట మనవాళ్ళే అంటారు: మన సంస్థల గుట్టు మనమే బయటపెడితే పెత్తందార్లకి అలుసైపోతాం అని. పెత్తందారు మన గుట్టు తెలిసినా తెలియకపోయినా తిడతాడు. వాడికి జడిసి మన డబ్బు మనం అడక్కుండా ఉంటే లాభం ఎవరికి? చాపకూడు కథ చెప్పుకునే సీమ ఇది. కూటి దగ్గర ఒకే చాప అన్నప్పుడు చిట్టా దగ్గర వేరే కుర్చీలెందుకు? అంబేద్కర్ విగ్రహానికి వేసిన చందాకి, దళిత సంఘాల సభలకి వసూలుచేసిన డబ్బుకీ ఇదే వర్తిస్తుంది. నాయకుడు మనకులం వాడైనా సరే.

అడగడం కష్టమేం కాదు. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీలో మస్టరు ఊరందరిముందు చదివి వినిపించడం మనం చూశాం. చేతిలో జాబ్‌కార్డు పెట్టుకుని, ఈ రోజు నేను పనికి పోలేదే అని లేచి చెప్పినవాళ్ళున్నారు. సంస్థ జమాఖర్చులూ అట్లాగే తెలుగులో చదవాలి, పొద్దుగూకాక, కూలికి పోయినవాళ్ళు ఇళ్ళకి చేరాక. ఎవరి జీతమెంత, జీపు డీజిలెంత, పల్లెకి చేరిందెంత.

చదవమంటే చదవనివాళ్ళుంటారు. జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో ఆ సంస్థ దాఖలు చేసిన కార్యవర్గం జాబితాని సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల ఫీజు, దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్ళకి అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. సర్కారు డబ్బుతోనే చాలామటుకు నడిచే స్వచ్ఛంద సంస్థలు కూడా ఈ చట్టం కిందికి వస్తాయని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అట్లాంటివాటికి దరఖాస్తు నేరుగా పెట్టొచ్చు.

మార్చి 31తో లెక్కల సంవత్సరం మూసేస్తారు. ఆడిటయ్యాక మీ పల్లెలో పనిచేసే సంస్థని ఒక నకలు అడగండి. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కలిసి పోతే మంచిది. ఇవ్వమంటే ఆ మాటే రాసి సంతకం పెట్టిమ్మనండి. ఆ కాగితం మాకు పంపండి, ఈ పత్రికలోనే వేస్తాం.