ముల్లు ఆగిన చోట

బరువు తగ్గించుకొనే ప్రయత్నం సాధారణంగా మొదటి పక్షంలో చెడదు. అప్పటిదాకా అన్నం సగానికి తగ్గించి, చీకటితో లేచి నడిచిన మనిషికి తూకం ముల్లు మూడు నాలుగు వారాలు ఒకేచోట నిలిచి కనిపించి, చేసిన కష్టానికి కూలి ఆగిపోయినట్టు తోచినప్పుడు చెడుతుంది. గుట్ట దిగుతున్నవారికి మధ్యలో చదును నేల తగిలినట్టు ఉంటుంది గనుక ఈ నిలకడను పీఠభూమి దశ అనవచ్చు. ఆ దశలో ఇంటివారు, ఇరుగుపొరుగు, అప్పుడప్పుడు వైద్యులు సైతం చెప్పేది ఒకటే మాట, మనసు గట్టిగా ఉండాలని. చందుర్తి చుట్టూ ఉన్న పల్లెల్లో, అటు కోరుట్ల, జగిత్యాల, ఇటు వేములవాడ, సిరిసిల్ల దాకా పరచుకొన్న ఈ ప్రాంతంలో మనుషులు చేసే పనిని, తినే తిండిని, వాటికి లోబడని శరీరధర్మాన్ని కలిపి చూస్తే, ఆ సలహా ఎంత తేలికైనదో, ఎంత అన్యాయమైనదో కూడా తెలుస్తుంది.

2016 అక్టోబరులో రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి వచ్చిన చందుర్తి మండలంలోనూ, పొరుగున ఉన్న జగిత్యాల జిల్లా గ్రామాల్లోనూ ఆడవారికి చిరకాలంగా ఆధారమైన పనుల్లో బీడీలు చేయడం ముఖ్యమైనది. తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టే ఈ పనికి కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది గనుక, చాట ఒడిలో పెట్టుకొని కూర్చున్న మనిషి లేచిన ప్రతిసారీ కొంత కూలి పోతుంది. రోజుకు అరగంట నడవాలన్న సలహా జీతగాడికి సమయం ఖర్చు. బీడీలు చేసే స్త్రీకి అది నేరుగా డబ్బు ఖర్చు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికుడి పరిస్థితి దీనికి భిన్నమైనది: అతడు పగటి పాళీలోనో రాత్రి పాళీలోనో అనేక సాంచాల మధ్య నిలబడి, తెగిన పోగు ముడివేస్తూ తిరుగుతూనే ఉంటాడు. ఒకే ఇంట్లో భర్త నిలబడి, భార్య కూర్చొని పనిచేస్తూ, ఒకే కుండలోని అన్నం తింటున్న కుటుంబాలు ఇక్కడ కొత్తకాదు.

ఈ తేడా ఏమి చేస్తుందో ఊహించడానికి సిరిసిల్ల వంటి పనిచోటునే చూసిన ఒక పాత అధ్యయనం ఉపయోగపడుతుంది. జీన్ మేయర్ అనే పోషణ శాస్త్రజ్ఞుడు సహచరులతో కలిసి పశ్చిమ బెంగాల్‌లోని ఒక జనపనార మిల్లులో 213 మంది పురుషుల పనిని, తిండిని, బరువును పోల్చి 1956లో ఫలితాలు ప్రచురించాడు. బరువైన పని చేసేవారు ఎక్కువ తిన్నారు, తేలికపని చేసేవారు తక్కువ తిన్నారు, వారి బరువుల్లో పెద్ద తేడా లేదు. ఇంతవరకు వింతేమీ లేదు. రోజంతా కూర్చొనే ఉద్యోగాలవారు, అంగళ్లలో కూర్చొనేవారు మాత్రం తేలికపనివారికన్నా ఎక్కువ తిన్నారు, ఎక్కువ బరువున్నారు. శరీరంలో కదలిక ఒక స్థాయికి దిగువన పడిపోయినప్పుడు ఆకలి దానితోపాటు తగ్గదని, అవసరానికీ ఆకలికీ మధ్య ఉండే ముడి అక్కడ సడలిపోతుందని మేయర్ వాదన. ఆయన బీడీలు చేసే స్త్రీలను చూడలేదు, చూసింది మగవారినే, అందువల్ల ఈ ఫలితాన్ని ఇక్కడికి యథాతథంగా తెచ్చి అతికించడం కుదరదు. అయినా, దుబాయిలోనో మస్కట్‌లోనో ఏళ్ల తరబడి ఎండలో బరువుపని చేసి ఊరికి తిరిగివచ్చి, పని మారినా తిండి మారక ఏడాదిలో పొట్ట పెరిగినవారిని గమనించిన ఎవరికైనా ఆ వాదనలోని తర్కం బోధపడుతుంది.

తిండి సంగతి ఇంకా చిక్కైనది. మక్కగట్క, జొన్నరొట్టె, అంబలి ప్రధానాహారంగా ఉండిన మెట్టప్రాంతమిది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రారంభించడంతో మొదలై, నీటి వసతితో వరి విస్తరించి, 2025లో మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇవ్వడం దాకా వచ్చేసరికి మూడు పూటలా అన్నమే అయింది. దీన్ని పతనంగా చిత్రించి పాత గట్కను కీర్తించే ధోరణి ఈమధ్య పట్టణాల్లో ప్రబలింది. గట్క తాగినవారు అది ఆరోగ్యమని తాగలేదని, అన్నం పండుగనాడు మాత్రమే దొరికేదని ఆ కీర్తనకారులకు ఎవరైనా చెప్పవలసి ఉంది. తల్లి ఆశపడి దక్కించుకోలేని అన్నాన్ని కూతురు మానుకోవాలంటే, మానుకొనేది పిండిపదార్థం ఒక్కటే కాదు గనుక, ఆ మానడం ఎక్కువకాలం నిలవదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు కూడా అన్నం మానమనలేదు. రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించకుండా, మిగతాది పప్పులు, కూరలు, పాలు, గుడ్లు, మాంసం, గింజల నుంచి రావాలన్నాయి. పళ్లెంలో అన్నం మధ్యన గుంట చేసి పప్పు పోసుకొనే అలవాటు ఉన్నచోట, కూరే ఎక్కువగా, అన్నం దానికి తోడుగా ఉండాలన్నదే ఆ మాటకు ఆచరణరూపం. అయితే ఉచితంగా వచ్చేది బియ్యం, కొనుక్కోవలసినవి పప్పూ కూరలూ అన్న సంగతిని మార్గదర్శకాలు పరిష్కరించలేవు.

సమస్య ఊహాజనితం కాదని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) చెబుతుంది: తెలంగాణలో స్త్రీలలో 30.1 శాతం, పురుషులలో 32.3 శాతం అధిక బరువు లేదా స్థూలకాయం ఉన్నవారు. ఆ సర్వే వాడిన కొలత శరీర ద్రవ్యరాశి సూచిక, అంటే కిలోల బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె. అది 25 దాటితే అధిక బరువు. దక్షిణాసియా ప్రజలకు అంతకన్నా తక్కువ బరువులోనే మధుమేహం, గుండెజబ్బులు వస్తున్నాయి గనుక మన వైద్యులు 23 నుంచే జాగ్రత్త చెబుతారు.

ఇక తెలుగునాట బరువు తగ్గే ఉద్యమాలకు కొదవ లేదు. మంతెన సత్యనారాయణరాజు ఉప్పూ నూనే లేని వంట చెప్పారు. వీరమాచనేని రామకృష్ణ 2018 ప్రాంతంలో అన్నం పూర్తిగా మాన్పించి కొబ్బరినూనె వంటి కొవ్వుల మీద నడిపించే పద్ధతిని ఊరూరా సభలు పెట్టి ప్రచారం చేశారు. మైసూరుకు చెందిన ఖాదర్ వలీ కొర్రలు, అండుకొర్రలు, సామలు, ఊదలు, అరికెలకు తెలుగు వంటిళ్లలో చోటు సంపాదించిపెట్టారు. ఒకరు నూనె వద్దంటే ఇంకొకరు నూనే తాగమన్నారు, ఒకరు ధాన్యం మార్చమంటే మరొకరు ధాన్యమే మానమన్నారు. అయినా ప్రతి పద్ధతికీ బరువు తగ్గామని సాక్ష్యం చెప్పేవారు దొరికారు. ఏ పద్ధతైనా మొదట్లో పనిచేసినట్టు కనిపించడానికి కారణాల్లో ఒకటి గ్లైకోజెన్. తిన్న పిండిపదార్థంలో అప్పటికి ఖర్చు కానిదాన్ని శరీరం కాలేయంలోనూ కండరాల్లోనూ ఈ రూపంలో దాచుకొంటుంది. నిల్వ మొత్తం అరకిలో చుట్టుపక్కలే గాని, ప్రతి గ్రాము దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకొని ఉంటుంది. అన్నం తగ్గించిన తొలివారంలో ఈ నిల్వ, దానితో నీరు పోయి, కిలోన్నరో రెండు కిలోలో తగ్గినట్టు తూకం చూపుతుంది. కొవ్వు కరగడం అంత వేగంగా జరగదు. కాబట్టి మొదటివారపు వేగాన్ని ప్రమాణంగా పెట్టుకొన్నవారికి మూడో నెల వైఫల్యంగా కనబడక తప్పదు. మోసపోయింది తొలివారంలో, బాధపడేది మూడో నెలలో.

నిజంగా కొవ్వు కరిగిన తరువాత జరిగేది మరొకటి. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. నిల్వలు చాలినంత ఉన్నాయని మెదడుకు కబురు చేరవేయడం దాని పని. దీన్ని 1994లో జెఫ్రీ ఫ్రీడ్మన్ బృందం కనుగొన్నది. ఆకలిని రేపే గ్రెలిన్ అనే మరో హార్మోనును 1999లో జపాన్ శాస్త్రజ్ఞులు గుర్తించారు. బరువు తగ్గినప్పుడు మొదటిది పడిపోతుంది, రెండోది పెరుగుతుంది. మెదడు దృష్టిలో అది కరువు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో జరిగి 2011లో ప్రచురితమైన ఒక పరిశోధన, పది వారాల కఠిన ఆహార నియమంతో బరువు తగ్గినవారిలో ఈ మార్పులు ఏడాది తరువాత కూడా సర్దుకోలేదని, వారి ఆకలి మొదటికన్నా ఎక్కువగానే ఉందని చూపింది. అమెరికా టెలివిజన్ పోటీలో అమితంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తరువాత పరీక్షించిన 2016 నాటి అధ్యయనంలో, పోయిన బరువులో అధికభాగం తిరిగివచ్చినా, విశ్రాంతిలో వారి శరీరాలు ఖర్చుచేసే శక్తి ఉండవలసినదానికన్నా రోజుకు సుమారు 500 కిలోకేలరీలు తక్కువగానే ఉంది. ఇటీవల మన మార్కెట్టులోకి వచ్చిన సెమాగ్లూటైడ్ సూదిమందు ఆకలి సంకేతాల మీదే పనిచేసి బరువు తగ్గించడం, మందు మానితే చాలామందిలో బరువు తిరిగిరావడం కూడా ఈ సంగతినే బలపరుస్తాయి. ఎన్నో కరువులు చూసిన జాతి సంతానానికి శరీరం నేర్పిపెట్టిన జాగ్రత్తను బద్ధకమని పేరుపెట్టి తిట్టడం సమంజసం కాదు.

శరీరం కొంత చెడగొడితే లెక్క మరికొంత చెడగొడుతుంది. పీటర్ హెర్మన్, డెబొరా మాక్ 1975లో ప్రచురించిన ప్రయోగంలో, తిండి విషయంలో నియమం పాటించే విద్యార్థినులకు ముందుగా తీపి పాలపానీయం ఇచ్చి తరువాత ఐస్‌క్రీం పెడితే, పానీయం తాగనివారికన్నా తాగినవారే ఎక్కువ ఐస్‌క్రీం తిన్నారు. నియమం ఎట్లాగూ తప్పింది, ఇక ఎంత తింటేనేమి అన్న మనస్థితి అది. మునిగినవాడికి చలేమిటన్న తెలుగు సామెత దీన్ని పరిశోధకులకన్నా ముందే పట్టుకొంది. సంక్రాంతికి సకినాలు, బతుకమ్మకు మలీద ముద్దలు, పెండ్లిండ్ల కాలంలో వరుస దావతులు ఉండే చోట ఏ నియమమైనా నెలకొకసారి తప్పక తప్పుతుంది. పండుగలను లెక్కలోకి తీసుకోని నియమం పట్నపు పుస్తకంలోంచి వచ్చినదై ఉంటుంది. సకినం తిన్నరోజును నష్టంగా రాసుకొనేవారు త్వరగా వదిలేస్తారు, సకినాల వారం వస్తుందని ముందే తెలిసినవారు ఆ తరువాతి వారాన్ని కాపాడుకొంటారు.

ఇంతకీ ముల్లు ఆగినప్పుడు ప్రయత్నం నిజంగా ఆగిందా అన్నది అసలు ప్రశ్న. దీనికి సమాధానం దూరదేశాల్లో వెతకనక్కరలేదు. డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం చెన్నై కేంద్రంగా నిర్వహించి 2006లో ప్రచురించిన భారత మధుమేహ నివారణ అధ్యయనంలో 531 మందిని తీసుకొన్నారు. వీరు మధుమేహం రాబోయే దశలో, అంటే రక్తంలో చక్కెర మామూలుకన్నా ఎక్కువగా, జబ్బు స్థాయికి తక్కువగా ఉన్నవారు. ఒక వర్గానికి తిండిలో మార్పులు, రోజుకు అరగంట చురుకైన నడక చెప్పారు. అప్పటికే కాయకష్టం చేసేవారిని, సైకిలు తొక్కేవారిని ఆ పనే కొనసాగించమన్నారు. మూడేళ్లలో ఏ సలహా లేని వర్గంలో 55 శాతం మందికి మధుమేహం రాగా, ఈ వర్గంలో 39.3 శాతం మందికే వచ్చింది. ఇందులో గమనించవలసిన విశేషం, వారి బరువు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. తూకం మీద నిలబడి చూసుకొంటే మూడేళ్లూ వృథా అనుకోవలసినవారే. రక్తం మాత్రం వేరే లెక్క చెప్పింది. ప్రయత్నాన్ని కిలోలతో మాత్రమే కొలిచే అలవాటు ఎందరిచేత పనిచేస్తున్న ప్రయత్నాన్ని మాన్పించిందో ఆలోచించవలసిన విషయం.

తూకంతో ఈ ప్రాంతానికి ఉన్న మరో సంబంధం ఇక్కడ గుర్తుకురాక మానదు. రెండేళ్లకోసారి మేడారం జాతరకు పోయేవారు నిలువెత్తు బంగారమంటూ తమ బరువుకు సరితూగే బెల్లాన్ని సమ్మక్క సారలమ్మలకు సమర్పిస్తారు. ఆ త్రాసులో బరువైన మనిషికి సిగ్గు లేదు, పైగా మొక్కు ఘనంగా తీరినట్టు లెక్క. దవాఖాన తూకం మీద అదే మనిషి తలదించుకొంటుంది. బట్ట నేసే ఊళ్లకు కిలోల త్రాసుకన్నా దగ్గరైన కొలత దర్జీ టేపు. బొడ్డు ఎత్తున నడుము చుట్టుకొలత స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 దాటితే మన జనాభాలో ముప్పు పెరుగుతుందని ప్రమాణం. నడకతో కండ నిలిచి, కడుపులో పేరుకొన్న కొవ్వు కరిగేటప్పుడు ముల్లు కదలకపోయినా టేపు కదలవచ్చు. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం తరఫున చేసే రక్తపోటు, చక్కెర పరీక్షల అంకెలను నెలల తేడాతో పక్కపక్కన రాసుకొంటే, మానేయాలనిపించిన రోజున చూసుకోవడానికి ఇంకొక సాక్ష్యం ఉంటుంది.

సాక్ష్యం ఉన్నా ఒంటరి ప్రయత్నం కష్టమే. వండేది తానే, అందరూ తిన్నాక అడుగున మిగిలింది పారేయలేక తినేదీ తానే అయిన ఇల్లాలికి, తన ఒక్కదానికోసం వేరే వంట చేసుకోమనడం అర్థంలేని సలహా. మార్పు కుండలోనే జరగాలి, కొత్తకోడలి నుంచి అత్త దాకా అందరి పళ్లెంలోనూ కూర పెరగాలి. పొదుపు సంఘాలలో పదిమంది కలిసి అప్పు తీర్చడం నేర్చిన స్త్రీలకు పదిమంది కలిసి పొద్దుగూకాక ఊరిచివరి దాకా నడిచిరావడం అసాధ్యమేమీ కాదు, ఒకరు మానినరోజు మిగతావారు ఇంటిముందు నిలబడి పిలుస్తారు గనుక అది మనోబలం మీద భారం వేయదు. బీడీలు చేసేవారి విషయంలో అరగంటను ఒకేసారి అడగడం కన్నా, కట్ట కట్టిన ప్రతిసారీ లేచి వాకిలి దాకా పోయిరావడం కూలికి తక్కువ చేటు.

బతుకమ్మ తొమ్మిది రోజులూ సాయంత్రాలు చప్పట్లు చరుస్తూ వలయంలో తిరగడం ఎవరూ వ్యాయామమని పిలవని నడకే. ఆ తరువాత వచ్చే దసరా మటన్, పిండివంటలు, ఉప్పు కలిసి ఒంట్లో నీటిని నిలబెడతాయి. పండుగ మర్నాడు తూకం ఎక్కినవారికి కిలోన్నర పెరిగినట్టు కనిపించినా అందులో కొవ్వు స్వల్పమే. త్రాసును పది రోజులపాటు అటకమీద పెట్టి, టేపును మాత్రం కిందనే ఉంచడం మంచిది.