వంటింటిలో మిగిలిన గంట ఎవరిది?



కళాశాల వార్షిక సంచికలో వంటను గూర్చి వ్యాసమా అని పాఠకులలో కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చును. సాహిత్యం, చరిత్ర, విజ్ఞానశాస్త్రం ఇట్టి పత్రికకు శోభనిచ్చే విషయాలన్న మాట నిజమే. కాని మన పాతబస్తీలో ఎందరో బాలికల చదువు గ్రంథాలయం కంటె ముందు వంటింటిలోనే నిర్ణయమవుతున్నది. మొదటి గంటకు ఆలస్యంగా వచ్చినవారిని మేము కారణమడిగినప్పుడు బాలురు సాధారణంగా సిటీ బస్సును నిందిస్తారు. బాలికలు తలవంచుకొని ఊరకుంటారు. ఆ మౌనం వెనుక తెల్లవారకముందే వెలిగిన పొయ్యి, తమ్ముళ్ళకు సర్దిన టిఫిన్ డబ్బాలు, తోమి బోర్లించిన గిన్నెలు ఉన్నవి. కనుక వంటలో కాలాన్నీ శ్రమనూ ఎట్లా తగ్గించుకోవాలన్నది ఒక్క గృహిణులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. అది విద్యకు సంబంధించిన ప్రశ్న.

ఈ మాటకు లెక్కల ఆధారం కూడ కలదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా కాలవినియోగ సర్వే జరిపినది. జీతం లేని ఇంటిపనులలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించినట్లు అందులో తేలినది. అసలు ఆ పనులలో చేయి పెట్టినవారే స్త్రీలలో నూటికి 81 మంది కాగా పురుషులలో 26 మంది మాత్రమే. 2024లో తిరిగి జరిపిన సర్వేలో ఆ నిమిషాలు 289, 88గా నమోదైనవి. అయిదేండ్లలో స్త్రీకి దక్కిన విశ్రాంతి పది నిమిషాలు! పురుషుని వంతు కూడ తగ్గినదే గాని పెరుగలేదు. దాదాపు అయిదు గంటలంటే కళాశాలలో ఒక దినపు పాఠాలన్నిటికీ సరిపోయే కాలం.

ఈ కాలాన్ని తగ్గించుటకు మార్గాలు లేకపోలేదు. మొదటిది, తరగతిలో నేర్చిన భౌతికశాస్త్రాన్ని పొయ్యి దగ్గరకు తీసుకొనిపోవుట. మన నగరం సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నందున ఇక్కడ నీరు 98 డిగ్రీల ప్రాంతంలోనే మరుగుతుంది. మరుగు పట్టిన పిమ్మట మంట ఎంత పెంచినా నీటి వేడి పెరుగదు. గ్యాసు మాత్రం ఖర్చవుతుంది. 1679లో డెనీ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆవిరిని గిన్నెలోనే బంధించి ఈ హద్దును దాటే ఉపాయం కనుగొన్నాడు. నేటి ప్రెషర్ కుక్కరులో వేడి సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది. కందిపప్పును ముందుగా అరగంట నానబెట్టి, పప్పు ఒక గిన్నెలో, బియ్యం మరొక గిన్నెలో పేర్చి ఒకే కుక్కరులో ఉంచితే ఒకే మంటతో రెండు పనులు జరుగుతాయి. ఆవిరి నిండిన తరువాత మంట తగ్గించాలి. పప్పులను ఉడకబెట్టుట గాని ప్రెషర్ కుక్కరులో వండుట గాని పోషకదృష్టితో మేలని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి మార్గదర్శకాలలో పేర్కొన్నది. కనుక త్వరగా వండినది సత్తువలేని తిండి అనే అపోహ వదలుకోవచ్చును. ముదురు మాంసానికి కాస్త పచ్చి బొప్పాయి ముద్ద పట్టించితే, అందులోని పపైన్ అనే ఎంజైము మాంసకృత్తులను విడగొట్టి త్వరగా మెత్తబడేటట్లు చేస్తుంది. బిర్యానీ వండే మన బావర్చీలకు ఇది తరతరాలుగా తెలిసిన విద్యయే.

రెండవ మార్గం, రోజూ చేసే పనిని వారానికి ఒకసారి చేయుట. అల్లం వెల్లుల్లి ముద్దను ప్రతిదినం నూరనక్కరలేదు. కొంచెం ఉప్పు, నూనె కలిపి గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచి, తడి లేని చెంచాతో తీసుకుంటే వారం రోజులు నిలుస్తుంది. ఆదివారం ఒక పూట ఉల్లిపాయలు సన్నగా తరిగి ఎర్రగా వేయించి డబ్బాకెత్తుకుంటే వారం పొడుగునా కూరకు సగం పని ముగిసినట్లే. ఒక్క జాగ్రత్త మాత్రం అవసరం. వండిన అన్నాన్నీ కూరనూ రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. ఆదా చేసిన కాలాన్ని వైద్యుని గుమ్మంలో ఖర్చు చేయుట వివేకం కాదు గదా!

మూడవ మార్గం మన పెద్దలు చూపినదే. హైదరాబాదు ముస్లిం కుటుంబాలలో ఉదయం పూట తినే ఖిచ్డీ, ఖట్టాను గమనించండి. బియ్యం, పప్పు ఒకే గిన్నెలో ఉడుకుతాయి. చింతపండు రసం, వేయించిన నువ్వుల పొడి, పచ్చిమిర్చి, ఉల్లిపాయలతో కలిపే ఖట్టాను పొయ్యిమీద మరిగించే పనిలేదు. తెలంగాణ పల్లెల పచ్చిపులుసు కూడ సరిగ్గా ఇట్టిదే. ఒకరు ఉర్దూలో, ఒకరు తెలుగులో పిలుచుకున్నా, ఎండకాలపు వంటింటి వేడిని తప్పించుకొనే తెలివి ఇరువురిదీ ఒక్కటే. నాన్ సంగతి చూడండి. పాతబస్తీలో ఎవరూ ఇంటింటా తందూరు నాటుకోలేదు. ఒక భట్టీ మొహల్లా అంతటికీ రొట్టె కాల్చి ఇచ్చేది. పదిమంది పనిని ఒక్కచోట జరుపుకొనుటలోని లాభం మనవారికి ఏనాడో తెలుసును.

రుచి మాటేమిటని అడిగేవారున్నారు. నిదానమే ప్రధానమని, దమ్ మీద మగ్గనిదే వంట కాదని వారి వాదం. ఆ వాదంలో సత్యం లేకపోలేదు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మన హలీం గంటల తరబడి ఉడికి, కలియబెట్టబడితేనే హలీం అవుతుంది. పండుగనాటి వంటకు ఆ గౌరవం ఉండనీయండి. కాని బుధవారం మధ్యాహ్నపు ఖట్టీ దాల్‌కు పండుగ మర్యాద అక్కరలేదు. సెల్‌ఫోనులో నొక్కి హోటలు నుండి తెప్పించుకుంటే పోదా అనేవారికి మా సమాధానం ఒక్కటే. నెల జీతంతో, దినకూలితో బ్రతికే ఇండ్లకు అది నిత్యం సాధ్యం కాదు.

ఇంతవరకు చెప్పినది ఉపాయం. అసలు విషయం ఇకముందున్నది. మిగిలిన ఆ గంట ఎవరికి చెందుతుంది?

1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం ప్రవేశపెట్టి పేద కుటుంబాల స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినది. అట్టి ఇండ్లలో పొగ తగ్గినది, కట్టెల బాధ తగ్గినది. తరువాత మిక్సీలు వచ్చినవి, ఫ్రిజ్‌లు వచ్చినవి. అయినను పైన చెప్పిన 289 నిమిషాలు నిలిచే ఉన్నవి. కారణమేమి? అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవాన్ 1983లో వెలువరించిన ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అనే గ్రంథంలో దీనిని చర్చించినది. యంత్రాలు వచ్చినప్పుడు ఇంటిలోని ఇతరులు చేసే పనులు తగ్గినవి గాని తల్లి పని తగ్గలేదని, ఇంటివారి అపేక్షలు కూడ పెరిగినవని ఆమె వివరించినది. మన ఇండ్లలోనూ జరిగినది ఇదే. మిక్సీ రాగానే ఒక చట్నీ స్థానంలో రెండు చట్నీలు వచ్చినవి. కుక్కరు మిగిల్చిన అరగంటను మరొక కూర మింగివేసినది.

1926లో మార్గరెటె షూట్ లిహోట్స్కీ అనే వాస్తుశిల్పి జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికుల గృహాలకోసం ఒక వంటగది రూపొందించినది. వెడల్పు రెండు మీటర్ల లోపు, పొడవు మూడున్నర మీటర్ల లోపు. వంట చేసేవారి అడుగులు లెక్కించి, ప్రతి వస్తువూ చేతికందేటట్లు అమర్చిన గది అది. ఇరుకు ఇండ్లలో వసించే మనకు అందులో పాఠమున్నది. స్థలం చిన్నదైనా అమరిక శ్రమను తగ్గిస్తుంది. కాని ఆ గదికి ఒక లోపాన్ని తరువాతివారు ఎత్తిచూపినారు. అందులో రెండవ మనిషి నిలువ చోటులేదు. అడుగులు తగ్గినవి గాని పని ఒక్క స్త్రీ మీదనే మిగిలినది.

కనుక వంటింటిలోకి రెండవ మనిషి రావలసి ఉన్నది. బేగం రొకేయా 1905లో మద్రాసు పత్రిక ఒకదానిలో ప్రచురించిన ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే కథలో వంట సూర్యరశ్మితో, పొగ లేకుండా జరుగుతుంది. అక్కడ ఇంటిపని చేసేది పురుషులు! ఆ కథ వినోదం కోసం మాత్రమే వ్రాసినది కాదు. 1911లో ఆమె కలకత్తాలో ముస్లిం బాలికల పాఠశాల నడుపుటకు పూనుకొన్నది. వంటింటి గంటకు, పాఠశాల గంటకు గల సంబంధం ఆమెకు బాగా తెలుసును. పురుషుడు ఇంటిపని చేయుట మన సంప్రదాయానికి విరుద్ధమనే సోదరులకు ఒక్క మాట. ప్రవక్త (స) ఇంటిలో ఏమి చేసేవారని అడిగినప్పుడు, వారు ఇంటివారి పనులలో ఉండేవారని, నమాజు వేళకు బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (ర) తెలిపినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. ఇంతకు మించిన ఆదర్శం ఎక్కడ వెదకగలము?

మా విద్యార్థులకు మా విన్నపం స్వల్పమైనది. రాత్రి పప్పు నానబెట్టుట, ఉదయం మీ డబ్బా మీరే సర్దుకొనుట, తిన్న పళ్ళెం మీరే కడుగుట, మీర్ ఆలం మండీ నుండి కూరగాయలు తెచ్చి తరిగి ఇచ్చుట. ఈ నాలుగింటికి పాకశాస్త్ర ప్రావీణ్యం అక్కరలేదు. ఆపా చేతిలోని గరిటెను ఒక్క గంట మీరు పుచ్చుకుంటే ఆ చేతికి పుస్తకం అందుతుంది. రంజాన్‌లో అసర్ నుండి మగ్రిబ్ వరకు అమ్మీతో పాటు మీరూ ఉపవాసంతోనే ఉన్నారు. ఆమె ఒక్కతే పొయ్యి దగ్గర నిలబడవలసిన అవసరమేమి?

విద్యార్థినులకు కూడ ఒక మాట. మిగిలిన గంటను మరొక వంటకానికి అప్పగించకండి. దానికి మీ పుస్తకం పేరు పెట్టి, ఇంటిలో అందరికీ ముందుగానే తెలియజేయండి.

కళాశాల కమిటీ పెద్దలకు రెండు మనవులు. సాయంకాలం పాఠాలు ముగిసిన పిమ్మట ఒక గంటసేపు పఠనాలయం తెరచి ఉంచితే, ఇంటిలో మిగిల్చుకున్న కాలానికి కూర్చునే చోటు దొరకుతుంది. వార్షికోత్సవంలో వంటల పోటీ పెట్టదలచినచో బాలబాలికలిరువురినీ చేర్చి, వంటకాల సంఖ్యకు కాక తక్కువ కాలానికి, తక్కువ ఇంధనానికి, తుదకు కడిగిన గిన్నెలకు మార్కులివ్వవలసినదిగా కోరుతున్నాము.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ ఇంటి గెలుపు వంటింటి నుండి, రేపటి ఉదయపు పొయ్యి నుండి ఆరంభమగును గాక!