రొయ్యకున్న కాపలా కోడికి ఏది?

భీమవరం చెరువుల్లో పెరిగిన రొయ్య ఐరోపాకు వెళ్లాలంటే పట్టుబడికి ముందే పరీక్ష నెగ్గాలి. నిషిద్ధ యాంటీబయాటిక్ జాడ దొరికితే ఆ సరుకు కదలదు. 2016లో ఐరోపా సమాఖ్య మన రొయ్యల సరుకులో తనిఖీల వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. పరాయివాళ్లు గదమాయించాక మనకు జాగ్రత్త అలవడింది. అదే భీమవరంలో ఆదివారం పొద్దున కొనే కోడికి మాత్రం అలాంటి కాపలా లేదు.

జబ్బు చేసిన కోడికే మందు వేస్తారనుకుంటే పొరపాటు. త్వరగా బరువు రావాలనీ, కిక్కిరిసిన షెడ్డులో రోగం సోకకూడదనీ కొద్ది మోతాదులో యాంటీబయాటిక్స్‌ను దాణాలోనో నీళ్లలోనో కలపడం దశాబ్దాల అలవాటు. కాంట్రాక్టు పెంపకంలో పిల్లలూ దాణా మందులూ కంపెనీవే. రైతుకు దక్కేది గ్రోయింగ్ చార్జీ. దాణాలో ఏం కలిసిందో అతనికే తెలియనప్పుడు కొనేవాళ్లకేం తెలుస్తుంది? ఆ కొద్దిపాటి మందుకు బలహీనమైన బ్యాక్టీరియా చస్తే, మొండివి మిగిలి పెరుగుతాయి.

ఏ మందూ పనిచేయనప్పుడు ఐసీయూ వైద్యులు చివరగా ఆశ్రయించేది కొలిస్టిన్‌ను. దాన్నీ తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువును చైనా పరిశోధకులు 2015 నవంబరులో బయటపెట్టారు. వారు పరీక్షించిన 523 పచ్చి మాంసం నమూనాల్లో 78 చోట్ల అది ఈ.కోలైలో కనిపించింది. ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో బ్యాక్టీరియాకు పాకగల జన్యువది. చైనా 2017లో దాణాలో కొలిస్టిన్‌ను ఆపేసింది. ఆహారానికి పెంచే జంతువుల్లో దాని వాడకాన్ని మన కేంద్ర ఆరోగ్య శాఖ 2019 జులైలో నిషేధించింది.

అయితే మన నియమాల చూపు ఎక్కువగా అవశేషాల మీదే ఉంది. కోతకు కొన్ని రోజుల ముందు మందు ఆపితే మాంసంలో దాని అవశేషం పరిమితిలోకి దిగుతుంది. కాగితం మీద అంతా సక్రమమే. మందుకు లొంగని సాల్మొనెల్లా, ఈ.కోలై మాత్రం కోడి పేగుల్లో అలాగే ఉండిపోతాయి.

అవి ఇంటికెలా వస్తాయో ఏ చికెన్ సెంటర్ ముందు కాసేపు నిలబడినా తెలుస్తుంది. కోసిన కోడిని డ్రమ్ములో పడేస్తారు. చర్మం ఒలిచి, పేగులు లాగిన చేత్తోనే ముక్కలు కొడతారు. మొద్దు ఒకటే, కత్తి ఒకటే, ముంచి తీసే బకెట్ నీళ్లూ అవే. ఒక కోడి పేగుల్లోని సూక్ష్మజీవులు పది ఇళ్లకు చేరడానికి ఇంకేం కావాలి? బాగా ఉడికిస్తే అవి చస్తాయన్నది నిజమే. కానీ కూర పొయ్యెక్కేలోపే సింకుకూ, కత్తిపీటకూ, పక్కనున్న కొత్తిమీరకూ అంటుకుంటాయి. విరేచనాలతో పోతే సరే. పసివాళ్లలోనో ముసలివాళ్లలోనో రక్తంలోకి చేరితే, అప్పుడు మందు పనిచేయకపోవడం ప్రాణాల మీదికి తెస్తుంది.

మందులు ఆపితే కోళ్లు చస్తాయి, ధర పెరుగుతుందని పరిశ్రమ వాదన. జబ్బు కోడికి వైద్యం మానమని ఎవరూ అనడం లేదు. డెన్మార్క్ 1995లో దాణాలో అవోపార్సిన్ అనే యాంటీబయాటిక్‌ను నిషేధించి, డాన్‌మ్యాప్ పేరుతో నిఘా కూడా మొదలుపెట్టింది. అక్కడి బ్రాయిలర్ కోళ్ల ఎంటరోకాకస్ ఫీషియం బ్యాక్టీరియాలో అవోపార్సిన్‌కు దగ్గరి చుట్టమైన వాంకోమైసిన్‌కు లొంగనివి 70 శాతం పైచిలుకు ఉండేవి. 2000 నాటికి 6 శాతానికి పడిపోయాయి. కోళ్ల పరిశ్రమేమీ మూతపడలేదు. నిఘా ఉండబట్టే నిషేధం ఫలించిందని రుజువైంది. అమెరికా కూడా 2002 నుంచి దుకాణాల్లో మాంసం కొని, అందులోని బ్యాక్టీరియా ఏ మందులకు లొంగడం లేదో పరీక్షిస్తోంది.

ఆ పని మనకూ అసాధ్యం కాదు. చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. నెలనెలా దుకాణాల్లో చికెన్ కొని పరీక్షించాలి, ఫలితాలను జిల్లాల వారీగా ప్రకటించాలి. దాణా బస్తా మీద అందులో కలిపిన ప్రతి మందు పేరూ తెలుగులో ఉండాలి. లైసెన్సు ఇచ్చే మున్సిపాలిటీలు కోతకూ, ముక్కలు కొట్టడానికీ వేర్వేరు చోట్లు, పారే కుళాయి నీళ్లు తప్పనిసరి చేయాలి. ఆ పరీక్షల లెక్కలు బయటికొస్తేనే 2019 నాటి కొలిస్టిన్ నిషేధం షెడ్డు దాకా చేరిందో లేదో తేలుతుంది. అప్పటిదాకా అది గెజిట్‌లోని మాట మాత్రమే.