మామిడి తోటల దారిలో తొలి క్రూయిజర్

మే నెలాఖరుకు మామిడి కోతలు ఓ కొలిక్కి వచ్చి, కాపు గుత్త డబ్బు చేతికందాక నూజివీడు చుట్టుపక్కల ఇళ్లలో బండి మాట లేస్తుంది. ఇంట్లో పద్దెనిమిది నిండిన పిల్లలుంటే ఆ మాట ఇంకాస్త గట్టిగా వినిపిస్తుంది. తండ్రి నడిపే స్ప్లెండర్ లాంటిది వాళ్ల కంటికి ఆనడం లేదు. సీటు కిందికి, హ్యాండిల్ పైకి ఉండి, కాళ్లు ముందుకు చాపుకుని తాపీగా కూర్చునే క్రూయిజర్ కావాలంటున్నారు. ఒకరు అవెంజర్ అంటే ఇంకొకరు మీటియోర్ అంటారు. "నేర్చుకునేవాడికి అంత బండి ఎందుకురా?" అని తండ్రి. "రెండు కాళ్లూ నేలకు ఆనుతున్నాయి నాన్నా, నేర్చుకోడానికి ఇంతకన్నా ఏం కావాలి?" అని కొడుకు. కూతురు అడిగినా వాదన ఇదే. ఇద్దరి మాటలోనూ బలం ఉంది కాబట్టి తూచి చూడాల్సిన విషయమే ఇది.

చిన్న ఇంజిన్ క్రూయిజర్ మనకు కొత్తేమీ కాదు. పెద్ద బండి అంటే బుల్లెట్ ఒక్కటే అనుకునే రోజుల్లోనే, 2000 దశకం మొదట్లో కవాసాకి బజాజ్ ఎలిమినేటర్, యమహా ఎంటైసర్ వచ్చాయి. ఎలిమినేటర్ బాటలోనే 2005లో బజాజ్ అవెంజర్ 180 సీసీతో దిగి, ఆ తర్వాత 200, 220, 150, 160 సీసీల్లో మారుతూ వచ్చింది. సుజుకి 2017లో ఇంట్రూడర్ 150 తెచ్చింది. 2020 నవంబరులో రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350 వచ్చింది. వెయ్యి సీసీ దాటిన అమెరికన్ హార్లీల పక్కన పెడితే 350 సీసీ కూడా చిన్న ఇంజినే. అయినా 191 కిలోల మీటియోర్‌నూ 156 కిలోల అవెంజర్ 160నూ ఒకే గాటన కట్టకూడదు. ఇళ్లలో జరిగే వాదనలు సగం ఇక్కడే దారి తప్పుతాయి. "క్రూయిజర్" అని ఇద్దరూ అంటారు, ఇద్దరి మనసులో ఉన్న బండి మాత్రం ఒకటి కాదు.

ముందు పిల్లల పక్షం చూద్దాం. అవెంజర్ సీటు నేలనుంచి 737 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. స్ప్లెండర్ సీటు ఎత్తు 785. తేడా రెండంగుళాలకు కాస్త తక్కువ. ఆరడుగుల కుర్రాడికి ఇది లెక్కలోకి రాదు. ఐదడుగుల అమ్మాయికి మాత్రం మునివేళ్ల మీద బండిని నిలబెట్టడానికీ, పాదం నిండుగా ఆనించి నిలబెట్టడానికీ మధ్య ఉన్న తేడా అంతా ఈ రెండంగుళాల్లోనే ఉంది. కొత్తగా నేర్చుకునేవారి మొదటి భయం వేగం కాదు, ఆగినప్పుడు బండి పక్కకు ఒరిగిపోతుందేమోనని. ఆ భయం ఉన్నంతసేపూ ఎడమచెయ్యి క్లచ్‌ని గట్టిగా పట్టుకునే ఉంటుంది, లేదా ఒక్కసారిగా వదిలేస్తుంది. కాళ్లు ఆనితే ఆ కంగారు తగ్గి, క్లచ్ ఎక్కడ అందుకుంటుందో వేళ్లకు తెలియడం మొదలవుతుంది. గేర్ల బండి నేర్చుకోవాలని ఉన్నా ఎత్తు చాలక "స్కూటీతో సరిపెట్టుకోమ్మా" అనిపించుకున్న ఆడపిల్లలు మన ఊళ్లలో ఎంతోమంది. వాళ్లకు ఈ తక్కువ సీటు నిజంగానే మేలు చేస్తుంది. ఈ ఒక్క కారణానికే ఈ రకం బండిని తేలిగ్గా కొట్టిపారేయకూడదని నా నమ్మకం.

ఇంకో మంచి కూడా ఉంది. క్రూయిజర్ ఇంజిన్‌ను తక్కువ వేగంలో బాగా లాగేటట్టు మలుస్తారు. గేరు ఒకటి అటూ ఇటూ అయినా బండి గొణుగుతుంది తప్ప వెంటనే ఆగిపోదు. హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు వచ్చే తారురోడ్డు మీద యాభైలో పోతుంటే గాలికి అటూ ఇటూ ఊగదు, నిలకడగా నడుస్తుంది. ఆ కూర్చునే తీరులో వంగి దూసుకుపోవాలన్న తొందర కూడా పుట్టదు. పద్దెనిమిదేళ్ల వయసులో ఇది చిన్న సుగుణమేం కాదు.

ఇక తండ్రి పక్షం. స్ప్లెండర్ 112 కిలోలు, అవెంజర్ 220 క్రూయిజ్ 163. సీటు తక్కువగా ఉంది కాబట్టి ఆ బరువు ముందు తెలియదు. పార్కింగులో వెనక్కి నెట్టాల్సి వచ్చినప్పుడో, ఎత్తుపల్లం ఉన్నచోట సైడ్ స్టాండ్ వేయాల్సి వచ్చినప్పుడో తెలుస్తుంది. దానికన్నా పెద్ద చిక్కు పొడవు. రెండు చక్రాల మధ్య దూరం స్ప్లెండర్‌కి 1,236 మిల్లీమీటర్లయితే అవెంజర్‌కి 1,490. తేడా జానెడుకు పైమాటే. ముందు ఫోర్కులు బాగా వాలుగా ఉండి చక్రం దూరంగా ముందుకెళ్లి ఉంటుంది. తిన్నని రోడ్డు మీద ఆ నిలకడనిచ్చేది ఈ నిర్మాణమే, నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు మొరాయించేదీ ఇదే. హ్యాండిల్ కొంతవరకు తిరిగి, ఆ తర్వాత దాని బరువుకే ఇంకా పడిపోబోతుంది. కొత్తవాళ్లు అక్కడే గాభరాపడి ముందు బ్రేకు పట్టేస్తారు. హ్యాండిల్ తిరిగి ఉండగా ముందు బ్రేకు పట్టడమంటే బండిని చేతులారా పడేసుకోవడమే. సగం క్లచ్ మీద ఆక్సిలేటర్ కొద్దిగా ఇస్తూ, వెనక బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి, చూపు చక్రం మీద కాకుండా వెళ్లాల్సిన చోట పెట్టి తిప్పాలి. లైసెన్స్ టెస్టులో ఎనిమిది అంకె వేయమనేది ఇది వచ్చిందో లేదో చూడటానికే. పొడుగు బండితో ఆ ఎనిమిది వేయడం స్ప్లెండర్‌తో వేసినంత సులువు కాదు.

ఇవన్నీ ఏ ఊరి రోడ్డు మీదైనా ఉండేవే. నూజివీడు ప్రాంతానికి సొంత కష్టాలు కొన్ని ఉన్నాయి. ఇక్కడ బండి పెద్ద రోడ్డు మీదే ఉండిపోదు. ఏ పూటో ఒక పూట తోటకు వెళ్లాలి, తోటకు వెళ్లాలంటే డొంక దిగాలి. ట్రాక్టర్లు తిరిగి తిరిగి డొంకలో రెండు గాళ్లు పడి ఉంటాయి, నడుమ గడ్డి మొలిచిన మిట్ట. ఎండాకాలంలో ఆ గాళ్ల నిండా మెత్తటి ఎర్రమట్టి దుమ్ము. ఎదురుగా కాయల ట్రేలు నింపుకున్న ట్రాక్టర్ వస్తే గాడి వదిలి మిట్ట ఎక్కాలి. మామూలు బండి మీదైతే కాళ్ల మీద లేచి నిలబడి, ఒంటి బరువు అటు వేసి చక్రాన్ని ఎక్కించొచ్చు. క్రూయిజర్ మీద కాళ్లు ముందుకు చాపి ఉంటాయి కాబట్టి లేవడానికి పట్టు దొరకదు. ప్రతి గతుకూ నేరుగా నడుముకే తగులుతుంది. ముందు చక్రం మిట్ట ఎక్కినా వెనక చక్రం ఇంకా గాడిలోనే ఉండి బండి అడ్డంగా తిరుగుతుంది. అలవాటైనవాళ్లు ఆక్సిలేటర్‌తో సర్దుకుంటారు. నేర్చుకునేవాళ్లు కాలు దించుతారు, దుమ్ములో కాలు జారుతుంది, 163 కిలోలూ వచ్చి ఆ కాలి మీద పడతాయి.

తోటల పక్క దారిలో నీడ కూడా మోసం చేస్తుంది. రెండువైపులా కమ్ముకున్న చెట్ల కింద ఎండా నీడా మచ్చలు మచ్చలుగా పడి ఉంటే గుంట ఏదో నీడ ఏదో ఆనవాలు చిక్కదు. గాలివాన వచ్చి వెళ్లిన మర్నాడు రాలిన కాయలు, విరిగిన రెమ్మలు దారంతా పరుచుకుని ఉంటాయి. పండి చితికిన రసం కాయ మీద తిరిగే చక్రం జారక మానదు. ముళ్లకంచె వేసిన తోటలైతే టైరులో ముల్లు దిగడం ఖాయం. స్పోకు చక్రాల అవెంజర్ క్రూయిజ్‌లో ఉండేవి ట్యూబ్ టైర్లు, ముల్లు దిగితే గాలి గబుక్కున పోతుంది. ఇక బరువు మోయడమంటారా, దానికి టీవీఎస్ ఎక్స్ఎల్ ఉంది. ముందు రెండు ట్రేలు, వెనక రెండు కట్టుకుని డొంకలో తాపీగా పోయే ఆ బండి చేసే పని ఏ క్రూయిజరూ చేయలేదు.

సీజన్‌లో పెద్ద రోడ్డు కూడా కొత్తవాళ్లకు అనువుగా ఉండదు. నూజివీడు నుంచి ఆగిరిపల్లి మీదుగా విజయవాడ వెళ్లే దారిలోనే నున్న మామిడి మార్కెట్ ఉంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ దారి నిండా కాయ లోడుతో ట్రాక్టర్లు, ఆటోలు, లారీలు. చీకటి పడ్డాక వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రక్కు ఎదురైతే, దాన్ని గుర్తించి ఆగడానికి ఉన్న కొద్ది క్షణాల్లో బ్రేకు మీదికి కాలు, చెయ్యి వాటంతటవి పోవాలి. ఆ అలవాటు పడటానికి నెలలు పడుతుంది. బ్రేకు గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ను 125 సీసీ దాటిన కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు, మంచి పనే. కానీ అవెంజర్‌లో అది ముందు చక్రానికే పనిచేస్తుంది. 2019 కన్నా పాత సెకండ్ హ్యాండ్ బండి కొంటే అసలు ఉండకపోవచ్చు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం బండి తీరు కాదు, మన చట్టంలో మెట్లు లేకపోవడం. బ్రిటన్‌లో నేర్చుకునేవారు 125 సీసీ, 11 కిలోవాట్లు దాటిన బండిని సొంతంగా రోడ్డు మీదికి తేకూడదు. ఆ చిన్న బండి ఎక్కడానికి కూడా ముందు ఒక ప్రాథమిక శిక్షణ పూర్తిచేయాలి, ఈ శిక్షణ 1990 నుంచి అమల్లో ఉంది. అందుకే అక్కడ హోండా షాడో, యమహా డ్రాగ్‌స్టార్ లాంటి క్రూయిజర్లు 125 సీసీలో కూడా అమ్మారు. రూపం క్రూయిజర్‌దే, సత్తువ మాత్రం నేర్చుకునేవారికి తగ్గది. మన దగ్గర పద్దెనిమిది నిండి గేర్ల బండికి ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్స్) తీసుకుంటే 100 సీసీకీ వెయ్యి సీసీకీ ఒకటే కాగితం. ఆ ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక టెస్టుకు వెళ్లొచ్చు. బండికి ముందూ వెనకా తెల్లని పలక మీద ఎర్రని ఎల్ అక్షరం ఉండాలి. వెనక కూర్చుంటే లైసెన్సుండి నేర్పేవారే కూర్చోవాలి, స్నేహితుణ్ని ఎక్కించుకోకూడదు. ఈ నిబంధనలు రాసి ఉన్నాయి కానీ ఊళ్లో పాటించేవారు అరుదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క తేల్చింది. అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. చట్టం వేయని మెట్లు ఇంట్లోవాళ్లే వేయాలి.

ఖర్చు సంగతి క్లుప్తంగా చెప్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఆ మేరకు ధర దిగింది. ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది గమనించని గీత ఒకటుంది. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం 75 దాటి 150 సీసీ వరకు ఏడాదికి 714 రూపాయలు, 150 దాటితే 1,366. పేరుకు చిన్న ఇంజినే అయినా 160 సీసీ బండి పెద్ద రేటులో పడుతుంది. పెట్రోలు స్ప్లెండర్ కన్నా ఎక్కువే తాగుతుంది. కాయ ధర పడిపోయిన ఏడాది ఈ తేడాలన్నీ ఇంట్లో తెలుస్తాయి.

రెండు పక్షాలూ విన్నాక నాకు తోచిన తీర్పు ఇది. రోజూ వెళ్లేది కాలేజీకో ఉద్యోగానికో, దారి తారురోడ్డే అయితే చిన్న క్రూయిజర్ కొనడంలో తప్పు లేదు. కాకపోతే అది మొదటి పాఠం కాకూడదు. ఎల్ఎల్ఆర్ వచ్చాక టెస్టుకు ఎలాగూ 30 రోజులు ఆగాలి కదా. ఆ నెలంతా ఇంట్లో ఉన్న స్ప్లెండర్ మీదే క్లచ్, గేరు, బ్రేకు చేతికి రానివ్వండి, ఎనిమిది కూడా దాని మీదే వేయించండి. తర్వాత అవెంజర్ లాంటిది తీసుకుంటే దాని నిలకడ ఉపకరిస్తుంది, దాని పొడవు ఇబ్బంది పెట్టదు. మీటియోర్‌ను ఒక వానాకాలం, ఒక మామిడి సీజన్ నడిపిన తర్వాత చూసుకోవచ్చు. రోజూ తోటకు తిరిగే పనే ఉంటే క్రూయిజర్ వద్దని గట్టిగానే చెప్తాను.

స్ప్లెండర్ మీద కాళ్లు ఆనని అమ్మాయిల విషయంలో మాత్రం ఈ వరస మార్చాలి. వాళ్లు నేరుగా 160 సీసీ క్రూయిజర్ మీదే మొదలుపెట్టడం మేలు. పక్కన నేర్పే మనిషి ఉండాలి, చోటు డొంక కాకుండా చదునైన ఖాళీ మైదానం అయ్యుండాలి, సీజన్ రద్దీ తగ్గాకే రోడ్డు ఎక్కాలి. ఆ మాత్రం ఏర్పాటు చేయగలిగి కూడా ఎత్తు చాలదన్న సాకుతో ఆపేయడం న్యాయం కాదు.

తండ్రులకూ తల్లులకూ ఒక మనవి. షోరూమ్‌కి వెళ్లేముందు ఎల్ఎల్ఆర్ స్లాట్ తీసుకోండి. బండి ఇంటికి వచ్చేలోపు తలకు సరిపడే కొలతలో ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్లు రెండు కొనండి, ఒకటి వెనక కూర్చునేవారికి. తాళం మాత్రం లైసెన్సు వచ్చేదాకా మీ దగ్గరే ఉంచుకోండి.