మెడికల్ ఫెయిలైన మనిషి చేతిలో ఏం పెడుతున్నాం?

ప్రతి ఏటా డిసెంబర్ 1న ఊరేగింపులు తీయడం, ఉపన్యాసాలు ఇవ్వడం 1988 నుంచీ జరుగుతూనే ఉంది. మంచిదే. కానీ గల్ఫ్‌లో రెక్కలు ముక్కలు చేసుకుని బతుకుతున్న మన తెలుగు కార్మికుడికి హెచ్‌ఐవీ గురించి ఎవరు చెబుతున్నారు, ఎక్కడ చెబుతున్నారు అని అడిగితే మాత్రం జవాబు చెప్పే నాథుడు లేడు. మనవాడికి ఆ జబ్బుతో పరిచయమయ్యేది రెండే చోట్ల. ఒకటి, విమానం ఎక్కే ముందు ఊళ్ళో చేయించుకునే మెడికల్. రెండోది, ఇక్కడ దిగాక అకామా కోసం చేయించుకునే మెడికల్. రెండు చోట్లా రక్తం తీసుకుంటారు. రెండు చోట్లా చెప్పేది ఒక్కటే మాట: ఫిట్, లేదా అన్‌ఫిట్.

ఊళ్ళో చేసే మెడికల్‌ను మన వాళ్ళు ఇప్పటికీ గామ్‌కా అనే అంటారు గానీ ఇప్పుడు దాని పేరు వాఫిద్. అందులో హెచ్‌ఐవీ ఒక్కటే కాదు, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, క్షయ కూడా చూస్తారు. వీటిలో ఏది ఉన్నా అన్‌ఫిట్ అంటారు. అంటే అన్‌ఫిట్ అనిపించుకున్న మనిషికి తనకున్నది ఏ జబ్బో కూడా తెలియకపోవచ్చు. ఇక ఇక్కడికి వచ్చాక హెచ్‌ఐవీ పాజిటివ్ అని తేలితే గల్ఫ్ దేశాల్లో విదేశీయుడికి ఉండే హక్కు లేదు. స్థానిక పౌరుడికి అదే జబ్బు వస్తే వైద్యం, మనకు వస్తే వేలిముద్రలు తీసుకుని విమానం! మనకే జరుగుతున్న ప్రత్యేక అన్యాయం అనుకోనక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం 2019లో చెప్పిన లెక్క ప్రకారం ప్రపంచంలో 48 దేశాలు, ప్రాంతాలు హెచ్‌ఐవీ ఉన్నవారి రాకపోకల మీద ఏదో ఒక ఆంక్ష పెట్టాయి, వాటిలో 19 తిప్పి పంపించేస్తున్నాయి. అమెరికా కూడా 1987లో ఇలాంటి నిషేధమే పెట్టి, 2010 జనవరి 4 నుంచి ఎత్తేసింది. కాబట్టి ఇది ఎప్పటికీ మారని రాత కాదు. అయినా గల్ఫ్ చట్టాలను మన వేదిక తీర్మానాలు మార్చలేవని నాకు తెలుసు. నేను అడుగుతున్నది అంతకంటే చాలా చిన్నది. వెనక్కి పంపిస్తున్న మనిషికి నిజం చెప్పి, దారి చూపించి పంపడం.

మూడేళ్ళ కిందట రాజంపేట వైపు నుంచి ఒక కుర్రాడు నాకు తెలిసిన కంపెనీలోకి వచ్చాడు. ఊళ్ళో మెడికల్ ఫిట్. వీసాకు లక్షన్నర అప్పు. ఇక్కడ మెడికల్‌కు వెళ్ళినవాడు సాయంత్రం రూముకు తిరిగి రాలేదు. మందూబ్‌ను అడిగితే "ప్రాబ్లం ఉంది, పంపించేస్తున్నాం" అన్నాడు. అంతే! పెట్టె సర్దింది రూమ్మేట్లే. రెండు వారాల తరవాత ఫోన్ చేసి, "అన్నా, నాకు టీబీ అంట, కాదు రక్తంలో ఏదో ఉందంట, అసలేందన్నా?" అని నన్నే అడిగాడు. అతని చేతిలో రిపోర్టు లేదు. పాస్‌పోర్టులో ముద్ర తప్ప ఏ కాగితమూ లేదు. ఊళ్ళో ఎవరో చెబితే ఒక నాటువైద్యుడి దగ్గరికి వెళ్ళాడు. నలభై రోజుల పొడులు, లేహ్యాలు, పథ్యం. నలభై వేలు అయింది. ఆ తరవాత ఒక ప్రైవేటు ల్యాబు, ఇంకో ప్రైవేటు డాక్టరు. చివరికి బరువు తగ్గి, దగ్గు పట్టుకున్నాక ఎనిమిదో నెలలో ప్రభుత్వాసుపత్రికి చేరాడు. అక్కడ పరీక్షకు గానీ, మందులకు గానీ ఒక్క రూపాయి తీసుకోలేదు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఆటో నడుపుతున్నాడు. నా బాధ ఆ ఎనిమిది నెలల గురించి. ఆ వైద్యం ఉన్న ఆసుపత్రి అతని ఇంటికి బస్సులో గంట దూరం!

ఆ గంట దూరంలో ఏముందో మన వాళ్ళలో చాలామందికి తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మొదటిది పరీక్ష. జిల్లా ఆసుపత్రుల్లో, ఏరియా ఆసుపత్రుల్లో ఐసీటీసీ అనే గది ఉంటుంది. డాక్టరు చీటీ అక్కర్లేదు, నేరుగా వెళ్ళవచ్చు. ముందు కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు, మీరు సరే అంటేనే రక్తం తీస్తారు. ఒక కిట్‌తో చూసి వదిలేయరు. మూడు వేర్వేరు కిట్లతో చూసి, మూడింటిలోనూ వస్తేనే పాజిటివ్ అని రాసిస్తారు. గల్ఫ్‌లో అన్‌ఫిట్ అన్నారని జీవితం అయిపోయిందనుకునే వాడు చేయాల్సిన మొదటి పని ఇదే. అలాగే ఫిట్ అన్నారని నిశ్చింతగా ఉండేవాడికీ ఒక మాట. వైరస్ ఒంట్లో చేరిన వెంటనే పరీక్షలో కనబడదు. పరీక్ష రకాన్ని బట్టి కొన్ని వారాలు, కొన్నింటికి మూడు నెలల దాకా పడుతుంది. ఊళ్ళో ఫిట్ అయినవాడు ఇక్కడ అన్‌ఫిట్ కావడానికి అది కూడా ఒక కారణం కావచ్చు. "ల్యాబువాడు డబ్బులు తిని మోసం చేశాడు" అని ప్రతిసారీ తేల్చేయలేం.

రెండోది మందులు. 2004 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జబ్బు ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో ఒకటి. అప్పట్లో సీడీ4 కణాలు బాగా పడిపోతేనే మందులు మొదలుపెట్టేవారు. 2017 నుంచి ఆ షరతు లేదు. పాజిటివ్ అని తేలితే చాలు, కణాల లెక్కతో సంబంధం లేకుండా మందులు ఇస్తారు. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ, రోజుకు ఒక్క మాత్ర. జీవితాంతం వేసుకోవాలి. బీపీ మాత్ర, షుగర్ మాత్ర వేసుకుంటున్నట్టే అని నేను మన వాళ్ళకు చెబుతుంటాను. మానకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిపోతుంది. అలా తగ్గి, తగ్గిన స్థితిలోనే నిలిచినవారి నుంచి కలయిక ద్వారా భాగస్వామికి సోకదని యూరప్‌లో వందలాది జంటల మీద జరిగిన పార్ట్‌నర్ అధ్యయనం 2016లో, మళ్ళీ 2019లో తేల్చింది. ఆ జంటల్లో ఒకరి నుంచి ఒకరికి సోకిన కేసు ఒక్కటీ లేదు. గర్భిణికి మందులు లేకపోతే బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది, సరైన చికిత్సతో 5 కంటే తక్కువకు వస్తుంది. పెళ్ళి, పిల్లలు, సంసారం అన్నీ పోయాయనుకుని ఉరితాడు వెతుక్కునే వాడికి ఈ నాలుగు మాటలు ఎవరైనా సమయానికి చెప్పాలా వద్దా?

మూడోది, ఎవరిని అడగాలి అన్నది. ఇండియాలో 1097 అనే ఉచిత నంబరు ఉంది. తెలుగులో మాట్లాడవచ్చు, పేరు చెప్పనక్కర్లేదు. దగ్గరలో పరీక్ష ఎక్కడ, మందులు ఎక్కడ అని అడిగితే చెబుతారు. ఏఆర్‌టీ వాడుతున్న పేదలకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పెన్షన్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. అప్పుల్లో కూరుకుపోయి వెనక్కి వెళ్ళినవాడికి ఇది చిన్న సంగతి కాదు.

ఇంత ఉన్నా మనవాడు నాటువైద్యుడి దగ్గరికే ఎందుకు వెళుతున్నాడు? ఎందుకంటే ఆ వైద్యుడి వీడియో అతని ఫోన్‌లోకి వస్తుంది, ప్రభుత్వాసుపత్రి అతని ఫోన్‌లోకి రాదు. పైగా ఆ వైద్యుడు "పూర్తిగా నయం చేస్తా" అంటాడు. ప్రభుత్వ డాక్టరు "జీవితాంతం మాత్ర వేసుకో" అంటాడు. భయంలో ఉన్న మనిషి చెవికి ఏది ఇంపుగా ఉంటుందో చెప్పాలా! ఎయిడ్స్‌ను నయం చేస్తామని ఏ మందు గురించీ చెప్పుకోకూడదని మన ఔషధ నిబంధనల్లోని జె షెడ్యూలు స్పష్టంగా అంటుంది. ఆ జాబితాలో మొట్టమొదటి పేరే ఎయిడ్స్. చట్టం ఉంది, వీడియోలూ ఉన్నాయి. నేను గుర్తుపెట్టుకునే కొండగుర్తు ఒకటుంది. నయం చేస్తానని హామీ ఇచ్చేవాడు, ముందే డబ్బు అడిగేవాడు, వేసుకుంటున్న మాత్రలు ఆపెయ్యమనేవాడు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేసినా లేచి వచ్చేయాలి.

రెండో భయం పరువు. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు, ఉద్యోగంలోంచి తీసేయకూడదు, ఆసుపత్రిలో వైద్యం నిరాకరించకూడదు. ఫిర్యాదు వినడానికి రాష్ట్రంలో అంబుడ్స్‌మన్ ఉండాలి. ఊళ్ళో ఇది ఎంతవరకు అమలవుతుందన్నది వేరే సంగతి, కానీ హక్కు ఉందని తెలిసినవాడు కనీసం నోరెత్తి అడగగలడు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళలో పనికి వచ్చే మన చెల్లెళ్ళు, అక్కలు మెడికల్ ఫెయిలై వెనక్కి వెళితే ఊరు అడిగే మొదటి ప్రశ్న "అక్కడ ఏం చేసిందో" అనే. పెళ్ళయినప్పటి నుంచీ ఒక్క మొగుణ్ణే ఎరిగిన మనిషిని పట్టుకుని! భర్త ద్వారా సోకి ఉండవచ్చు కదా అని అతన్ని పరీక్షకు పంపే ఆలోచన ఎవరికీ రాదు. మగవాడు వెనక్కి వెళితే మాత్రం సంగతి దాచిపెట్టి, భార్యకు పరీక్ష చేయించకుండానే కాపురం సాగుతుంది. రెండు విధాలా నష్టపోయేది ఆడమనిషే. దంపతులిద్దరూ కలిసి ఐసీటీసీకి వెళ్ళాలని ఇద్దరికీ చెప్పాల్సింది విమానం ఎక్కకముందే.

ఇక రాజకీయాలకు వస్తాను. మన నాయకులు ఇక్కడికి వస్తారు. శాలువాలు, బొకేలు, ఫోటోలు, బిర్యానీ. ప్రవాసుల కోసం అది చేస్తాం, ఇది చేస్తాం అంటారు. ఏ పార్టీ నాయకుడైనా సరే, ఒక్కరంటే ఒక్కరు మెడికల్ ఫెయిలై తిరిగి వెళ్ళే వారి గురించి వేదిక మీద మాట్లాడగా నేను వినలేదు. ఓటు రాని విషయమనా, నోటికి రాని మాటనా? 2021 జాతీయ అంచనాల్లో దేశం మొత్తం మీద వయోజనుల్లో హెచ్‌ఐవీ నూటికి 0.21 ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. దేశ సగటుకు రెండు మూడు రెట్లున్న రాష్ట్రాల నుంచి వలస వచ్చేవారికి ఈ విషయం చెప్పకపోతే ఇంకెవరికి చెబుతారు?

మేము అడుగుతున్నవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. వీసా మీద వచ్చేవారికి బయలుదేరే ముందు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఒక రోజు శిక్షణలో హెచ్‌ఐవీ మీద ఒక గంట, తెలుగులో, సిగ్గుపడకుండా చెప్పే మనిషితో పాఠం పెట్టాలి. పరీక్షలో తేలినప్పుడు మన ఎంబసీ మనిషి వెళ్ళి కార్మికుడికి అతని భాషలో సంగతి చెప్పాలి, రిపోర్టు ప్రతి ఇప్పించాలి, బాకీ జీతం లెక్క కట్టించాలి. ఖర్చు కావాలంటే 2009 నుంచీ ఎంబసీల దగ్గర ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి ఉండనే ఉంది. 1097 లాంటి టోల్‌ఫ్రీ నంబరు ఇక్కడి ఫోన్ల నుంచి పనిచేయదు కాబట్టి గల్ఫ్ నుంచి కలిసే నంబరు ఒకటి కావాలి. శంషాబాద్, గన్నవరం విమానాశ్రయాల్లో దిగే ప్రతి ఒక్కరికీ, ఎవరికి ఏముందని అడగకుండా, పరీక్షా కేంద్రాల వివరాలున్న ఒక చీటీ చేతిలో పెట్టాలి. అందరికీ ఇస్తే ఎవరినీ వేలెత్తి చూపినట్టు కాదు. ఈ నాలుగూ రాసి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకూ, ఎంబసీకీ వినతిపత్రం పంపుతున్నాం.

చివరగా మన కార్యకర్తలకు ఒక మాట, ఇది మన చేతిలో పని. ఆపదలో ఉన్న కార్మికుడు కనబడగానే వీడియో తీయడం, పాస్‌పోర్టు కాపీతో సహా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మనకు అలవాటైపోయింది. జీతం రాని కేసుల్లో, కఫీల్ కొట్టిన కేసుల్లో అది పనికొచ్చింది, కాదనను. మెడికల్ ఫెయిలైన మనిషి విషయంలో మాత్రం ఆ పని చేయవద్దు. పేరు, ఊరు, ఫోటో ఏదీ బయటికి పోకూడదు. మనం పెట్టిన పోస్టు అతనికంటే ముందే ఊరికి చేరుతుంది. రూములో కలిసి తిన్నందుకు, ఒకే బాత్‌రూము వాడినందుకు, పక్క మంచం మీద పడుకున్నందుకు, దోమ కుట్టినందుకు హెచ్‌ఐవీ రాదని మిగతా రూమ్మేట్లకు చెప్పండి. అతని సామాను బయట పడేయనివ్వకండి. అతను ఫ్లైట్ ఎక్కేలోగా ఒక్క ఫోన్ దొరికితే, ఐసీటీసీ అనే మాటా 1097 నంబరూ రాసుకోమనండి. భార్య పేరు మీద డబ్బు పంపాల్సి ఉంటే ఆ లెక్క ఎవరు చూస్తారో ఇద్దరి మధ్యే మాట్లాడుకోండి. వినతిపత్రం మీద సంతకాలు ఈ నెలాఖరు శుక్రవారం వరకు తీసుకుంటాం. సంతకం పెట్టే చోట ఎందుకు పెడుతున్నారో ఎవరూ అడగరు.