రాకాసి గుళ్ళలో ఎవరున్నారు?

ఈ వారం పొయ్యి దగ్గర్నించి లేచి కాస్త కొండెక్కుదాం రండి.

ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో, మన సమ్మక్క సారలమ్మల మేడారం ఉందే, ఆ అడవుల్లోనే దామెరవాయి అని ఓ ఊరుంది. అక్కడి గుట్టమీద నాలుగువైపులా రాతిపలకలు నిలబెట్టి, పైన పెద్ద బండ కప్పిన గూళ్ళు ఎన్నో ఉన్నాయి. రాకాసి గుళ్ళంటారు వాటిని. చిత్తూరు వైపు ఇలాంటివే పాండవుల గుళ్ళు. అంత బరువు మామూలు మనుషులెత్తగలరా అని కాబోలు! మా బాపట్ల ఇసుకనేలలో గులకరాయి దొరకడమే గొప్ప, అందుకే నాకీ బండలంటే మహా వింత.

నిజానికవి గుళ్ళు కావు, ఇనుము వాడకం వచ్చిన కాలంనాటి సమాధులు.

ఇలాంటి కథే సముద్రాల అవతల ఐర్లండులోనూ ఉందంటే నమ్ముతారా? అక్కడ లాక్రూ కొండల మీద అయిదువేల ఏళ్ళనాటి రాతి సమాధులున్నాయి. ఆ కొండ పేరుకు 'ముసలమ్మ కొండ' అని అర్థం. ఓ మంత్రాల ముసలమ్మ కొండమీంచి కొండకు గెంతుతూ ఒళ్ళోని రాళ్ళు జారవిడిచిందట, అవే ఆ గుట్టలట. ఆఖరి గెంతులో పడి చచ్చిపోయిందట పాపం. మన రాకాసికి అక్కగారే!

మెడోస్ టేలర్ అనే దొర ఇప్పటి కర్ణాటకలోని సురపురం దగ్గర ఇలాంటి సమాధులు తవ్వించాడు. ఆ సంగతుల్ని 1860ల్లో ఐర్లండు రాయల్ అకాడమీ అచ్చువేసింది. అక్కడివీ ఇక్కడివీ ఒకే జాతివాళ్ళవేమోనని ఆయన ఊహ. అది నిలబడలేదు లెండి. మనవాటికంటే అక్కడివి రెండువేల ఏళ్ళు పాతవి. సొంత పెద్దలెవరో మరిచిపోయిన చోట రాకాసులూ ముసలమ్మలూ వచ్చి కూర్చున్నారు, అంతే.

ఇలాంటి సమాధులు తవ్విన చోట్ల ఎముకలతోపాటు ఇనప సామాన్లూ, కుండలూ దొరికాయి. కుండలు బయట ఎరుపు, లోపల నలుపు. బోర్లించి కాల్చేవారట, లోపలికి గాలాడక నల్లబడేదట. ఆ కాల్చడం తెలిసిన చెయ్యి రాకాసిదవుతుందా?

నిధులున్నాయని చాలాచోట్ల బండలు పడదోసి తవ్విపోశారు. వింటే కడుపు తరుక్కుపోతుంది. రాకాసిదంటే తవ్వబుద్ధవుతుంది గానీ, అమ్మమ్మదంటే తవ్వుతామా?

మా అత్తగారి దినంనాడు కాకి ఎంతకీ ముట్టలేదు. ఆవిడకిష్టమైన గుత్తివంకాయ కూర ఆకులో వేశాకే వచ్చి వాలింది. ఆ నల్ల కుండల్లో ఏం పెట్టారో, ఎవరు వండారో!