అడ్వాన్స్ తిరిగివ్వకపోతే పోలీసు కేసు అవుతుందా?

ఇల్లు ఖాళీ చేసినా యజమాని లీజు డబ్బు ఇవ్వడం లేదు. స్టేషన్‌కు వెళితే ‘ఇది సివిల్ తగాదా’ అంటున్నారు. ఆ మాట ఎప్పుడు సరైనది?

డబ్బు తీసుకున్న నాటి ఉద్దేశమే కీలకం. మోసగించే ఆలోచన మొదటి నుంచీ ఉంటేనే అది నేరమని సుప్రీంకోర్టు 2000లో హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో స్పష్టం చేసింది. తర్వాత మాట తప్పడం ఒక్కటే చాలదు.

తనది కాని ఇంటిని తనదని నమ్మించి లీజుకిచ్చినా, ఒకే ఫ్లాట్‌ చూపి ఇద్దరు ముగ్గురి దగ్గర డబ్బు తీసుకున్నా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద ఫిర్యాదు చేయొచ్చు.

మిగతావాటికి లాయర్ నోటీసు, ఆపై సివిల్ కోర్టులో రికవరీ దావా. గడువు సాధారణంగా 3 ఏళ్లు. స్టేషన్ చుట్టూ తిరిగిన రోజులు అందులోంచి మినహాయించరు. అగ్రిమెంటు, బ్యాంకు రసీదులు, తాళాలు అప్పగించిన రుజువు భద్రంగా ఉంచుకోండి.